దిగులు పడితే ఈమాన్ తగ్గినట్టా?

“అల్లాహ్ మీద భరోసా ఉన్నవాడికి దిగులెందుకు?”

ఈ మాట మన ఇళ్లలో తరచూ వినబడుతుంది. గల్ఫ్‌లో ఉన్న కొడుకు ఫోన్ చేయక మూడు వారాలైందని కుమిలిపోయే తల్లితో అంటాం. వ్యాపారంలో దెబ్బతిని రాత్రంతా మేలుకుని కూర్చున్న తమ్ముడితో అంటాం. బిడ్డను పోగొట్టుకున్న ఆడపడుచుతో కూడా అంటాం. మాట మంచిదే, అనేవారి ఉద్దేశమూ మంచిదే. కాని వినేవారికి అది ఒక్కోసారి రెండో దెబ్బ అవుతుంది. మొదటి దెబ్బ వచ్చిపడిన కష్టం. రెండోది, ఆ కష్టానికి తాను ఇంతగా చలించిపోయాడు గనుక తన విశ్వాసంలోనే లోపం ఉందేమోనన్న అనుమానం. కష్టాన్ని ఎవరితోనైనా చెప్పుకోవచ్చు. ఈ అనుమానాన్ని ఎవరితో చెప్పుకుంటాడు? లోపలే దాచుకుంటాడు. దాచుకున్న కొద్దీ అది పెరుగుతుంది.

అందుకే ఈ ప్రశ్నను సూటిగా అడగవలసి ఉంది. మనసు కలత చెందడం విశ్వాస లోపమా? సహనం అంటే బాధ తెలియకపోవడమా? నిద్ర పట్టడం లేదని, గుండె దడగా ఉందని వైద్యుణ్ణి కలిస్తే తవక్కుల్‌కు భంగం కలుగుతుందా?

చెరువు గట్టు మీద తెల్లవారుజాము

పాలకొల్లు పేరు చెప్పగానే ఎవరికైనా కొబ్బరి మార్కెట్టు గుర్తొస్తుంది. భీమవరానికీ నరసాపురానికీ మధ్య ఉన్న ఈ పట్టణం చుట్టూ ఒకప్పుడు కనుచూపు మేర వరిచేలు, గట్ల మీద కొబ్బరి చెట్లు. 1990 దశకం నుంచి ఆ చేలలో చాలావరకు చెరువులయ్యాయి. మొదట టైగర్ రొయ్య వచ్చింది. 1994, 1995 సంవత్సరాల్లో తెల్లమచ్చ జబ్బు కోస్తా అంతటా చెరువులను ఊడ్చేసింది. 2009 నుంచి వనామి రొయ్య వచ్చింది. ఈ రొయ్య మూడు నాలుగు నెలల్లో పట్టుబడికి వస్తుంది. అందువల్ల లాభమూ త్వరగా కనబడుతుంది, నష్టమూ అంత త్వరగానే కనబడుతుంది.

చెరువు లీజుకు తీసుకున్న రైతు రాత్రి ఎలా గడుస్తుందో ఒకసారి చూడండి. పగటిపూట నీటిలోని నాచు ఎండ వెలుగులో ప్రాణవాయువును వదులుతుంది. చీకటి పడగానే అదే నాచు ప్రాణవాయువును పీల్చుకోవడం మొదలుపెడుతుంది. అందుకే తెల్లవారుజామున నీటిలో ప్రాణవాయువు అన్నిటికంటే తక్కువగా ఉంటుంది. ఆ వేళలో కరెంటు పోయి ఏరేటర్లు ఆగితే, జనరేటర్ వెంటనే అందుకోకపోతే, రొయ్యలు నీటిపైకి తేలతాయి. గంటల్లో పంట పోతుంది. దాని కోసం మనిషి మేలుకుని ఉండాలి. మేత అప్పు మీద వచ్చింది. లీజు డబ్బు ముందే కట్టాడు. జబ్బు తగిలిందేమోనని చెక్ ట్రే ఎత్తినప్పుడల్లా చేయి వణుకుతుంది. జబ్బు రాకుండా పంట చేతికి వస్తే కౌంటుకు ఎంత ధర పలుకుతుందో తెలియదు. ఆ ధర భీమవరంలో తేలేదీ కాదు. 2025 ఆగస్టులో అమెరికా భారత సరుకుల మీద సుంకాన్ని 50 శాతానికి పెంచినప్పుడు ఆ దిగులు ఈ చెరువు గట్ల దాకా వచ్చింది. ఎక్కడో సముద్రం అవతల సంతకం పెడితే ఇక్కడ ఒక ఇంట్లో పొయ్యి దగ్గర మాటలు తగ్గిపోయాయి.

చెరువు లేని ఇంటికి మరో రకం దిగులు ఉంటుంది. కొబ్బరికాయల కొట్లో రోజుకూలికి ఒలుపు పనిచేసే మనిషికి మార్కెట్టు మందగిస్తే పని ఉండదు. గోదావరి జిల్లాల నుంచి కువైట్‌కో, మస్కట్‌కో ఇంటిపనికి వెళ్లిన తల్లుల పిల్లలు అమ్మమ్మ ఒడిలో పెరుగుతున్నారు. ఆ తల్లి అక్కడ ఎలా ఉందో, ఆ పిల్లలు ఇక్కడ ఎలా ఉన్నారో అన్న బెంగకు వారంలో ఏడు రోజులూ పనే.

ఈ మనుషుల్లో ఎవరి ఈమాన్‌ను మనం తూకం వేయగలం? ఆ రైతు తెల్లవారుజామున మేలుకుని ఉండటం తప్పా?

శరీరంలో జరిగేది

అల్లాహ్ మనిషి శరీరాన్ని ఆపదను ఎదుర్కోవడానికి వీలుగా సృష్టించాడు. ప్రమాదం ఎదురైనప్పుడు గుండె వేగం పెరుగుతుంది, రక్తంలోకి చక్కెర ఎక్కువగా చేరుతుంది, కండరాలు బిగుసుకుంటాయి, నిద్ర ఎగిరిపోతుంది. ఎదిరించి నిలవడానికో, తప్పించుకుని పరుగెత్తడానికో శరీరం ఇలా సిద్ధమవుతుందని అమెరికా శాస్త్రవేత్త వాల్టర్ కానన్ 1915లో వివరించాడు. 1936లో హాన్స్ సెల్యే అనే పరిశోధకుడు కెనడాలో ఎలుకల మీద ప్రయోగాలు చేసి మరో సంగతి గమనించాడు. కష్టం ఏ రకమైనదైనా శరీరం దాదాపు ఒకే తీరుగా స్పందిస్తుంది. మొదట ఉలిక్కిపడుతుంది. తర్వాత తట్టుకుంటుంది. కష్టం ఎంతకూ తీరకపోతే చివరికి అలసి చతికిలబడుతుంది. మనం ఇప్పుడు మానసిక ఒత్తిడి అని పిలిచే దాని గురించిన చర్చ ఆ పరిశోధనతోనే ఊపందుకుంది.

అంటే దిగులు పుట్టడమే చెడ్డది కాదు. రైతును తెల్లవారుజామున మేలుకొలిపి చెరువును కాపాడింది ఆ దిగులే. చెడు ఎక్కడుందంటే, అది ఆగకపోవడంలో ఉంది. ఏరేటర్ మోటారు అవసరమైనప్పుడు తిరగాలి. విశ్రాంతి లేకుండా నెలల తరబడి తిరిగితే మోటారే కాలిపోతుంది. మనిషి కూడా అంతే. ఆగని ఒత్తిడి వల్ల రక్తపోటు పెరుగుతుంది, మధుమేహం ఉన్నవారికి చక్కెర అదుపు తప్పుతుంది, కడుపు మండుతుంది, నిద్ర చెడుతుంది, కోపం పెరుగుతుంది.

1995లో అమెరికాలో ఒక పరిశోధన జరిగింది. మతిమరుపు వ్యాధితో ఉన్న తమవారికి ఏళ్ల తరబడి సేవచేస్తున్న స్త్రీలను, అలాంటి భారం లేని స్త్రీలను ఎంచుకుని, అందరి చేతి మీదా ఒకే కొలతలో చిన్న గాయం చేసి చూశారు. సేవచేస్తున్న స్త్రీలకు ఆ గాయం మానడానికి సగటున తొమ్మిది రోజులు ఎక్కువ పట్టింది. మనసు మీది బరువు చర్మం మీది గాయం దాకా వస్తుందన్నమాట. మన ఇళ్లలో మంచాన పడిన అత్తమామలకు ఏళ్ల తరబడి సేవచేసే కోడళ్లను ఈ సందర్భంగా గుర్తు చేసుకోవాలి. ఆమె అలసిపోయానంటే అది అవిధేయత కాదు. ఆమె శరీరం నిజం చెబుతోంది.

ప్రవక్తల కన్నీళ్లు

ఇక ధర్మం ఏమంటుందో చూద్దాం. విశ్వాసంలో మనకంటే ఎన్నో మెట్లు పైనున్న మహనీయుల జీవితాలే దీనికి జవాబు.

హజ్రత్ యాఖూబ్ (అలై) కుమారుడు యూసుఫ్ (అలై)ను కోల్పోయారు. ఆ వార్త విన్న రోజునే ఆయన అందమైన సహనాన్ని ఆశ్రయించారని దివ్యఖుర్ఆన్ చెబుతుంది. అదే సూరాలో కొన్ని పుటలు దాటితే, ఏళ్లు గడిచాక, ఆ దుఃఖంతో ఆయన కళ్లు తెల్లబడిపోయాయని కూడా చెబుతుంది. తండ్రి ఇంకా యూసుఫ్‌నే తలచుకుంటున్నాడని కొడుకులు విసుక్కున్నారు. అప్పుడాయన తన వేదనను అల్లాహ్‌కు మాత్రమే చెప్పుకుంటున్నానని బదులిచ్చారు. జాగ్రత్తగా గమనించండి. అందమైన సహనం చూపినవారూ, ఏడ్చి ఏడ్చి చూపు పోగొట్టుకున్నవారూ ఇద్దరు కాదు, ఒకరే. ఆయన సహనం ముగిసిపోయి ఏడుపు మొదలైందని ఖుర్ఆన్ ఎక్కడా నిందించలేదు. రెండూ ఒకే హృదయంలో కలిసి ఉన్నాయి.

మూసా (అలై) తల్లి పసికందును నదిలో విడిచారు. విడవమని ఆదేశించింది అల్లాహ్‌యే. తిరిగి ఆమె ఒడికే చేరుస్తానని వాగ్దానం చేసిందీ అల్లాహ్‌యే. అంతటి వాగ్దానం చేతిలో ఉండగా కూడా ఆమె హృదయం శూన్యమైపోయింది. గుట్టు బయటపెట్టేసేటంత దాకా వెళ్లింది. అప్పుడు అల్లాహ్ ఆమె హృదయాన్ని దిటవు చేశాడు. ఆమెను మందలించలేదు.

మర్యమ్ (అలై) ప్రసవ వేదనలో ఖర్జూరపు చెట్టు మొదలు దగ్గర, ఇంతకు ముందే చనిపోయి ఉంటే బాగుండునని వాపోయారు. ఆ మాటకు వచ్చిన జవాబు ఏమిటి? దుఃఖించవద్దన్న ఊరడింపుతో పాటు, కింద ప్రవహించే నీటిని, పైన పండిన ఖర్జూరాలను చూపించి తిని, తాగి, కళ్లు చల్లబరచుకోమనడం. ఉపదేశంతో పాటు ఆహారం, నీరు అందాయి.

దైవప్రవక్త ముహమ్మద్ (స) దౌత్యం లభించిన పదో ఏట సతీమణి ఖదీజా (రజి)ను, పెదనాన్న అబూతాలిబ్‌ను కోల్పోయారు. చరిత్రకారులు ఆ ఏటిని దుఃఖ సంవత్సరం అని పిలుస్తారు. తర్వాత మదీనాలో చిన్నారి కుమారుడు ఇబ్రాహీం చివరి శ్వాస తీస్తున్నప్పుడు ఆయన కళ్లు వర్షించాయి. అది చూసి అబ్దుర్రహ్మాన్ బిన్ ఔఫ్ (రజి) ఆశ్చర్యంతో ప్రశ్నిస్తే, అది కారుణ్యమని చెప్పారు. కన్ను కన్నీరు కారుస్తుంది, హృదయం దుఃఖిస్తుంది, నాలుక మాత్రం ప్రభువుకు ఇష్టమైనదే పలుకుతుందన్నది ఆయన బోధన సారాంశం.

ధర్మం గీత గీసిన చోటు ఇదే. చెంపలు బాదుకోవడాన్ని, బట్టలు చించుకోవడాన్ని, విధిని తిట్టిపోయడాన్ని ప్రవక్త (స) నిషేధించారు. ఆ గీత కంటికీ గుండెకూ అడ్డంగా గీసినది కాదు, నాలుకకూ చేతికీ మధ్య గీసినది. బాధ కలగడానికి మనం బాధ్యులం కాము. బాధలో ఏం మాట్లాడతామో, ఏం చేస్తామో దానికి బాధ్యులం. అప్పుల దిగులుతో రాత్రి మేలుకున్న రైతు దోషి కాడు. ఆ దిగులును భార్య మీద చేయిచేసుకుని తీర్చుకున్నవాడు దోషి.

మరి మనశ్శాంతి మాటేమిటి?

ఇక్కడ ఒక ఆక్షేపణ రావచ్చు. అల్లాహ్ స్మరణతోనే హృదయాలు నెమ్మదిస్తాయని ఖుర్ఆన్ చెబుతోంది కదా? అలాంటప్పుడు నెమ్మది లేనివాడు స్మరణ సరిగా చేయనివాడే కదా?

ఆక్షేపణ బలమైనదే. కాని అది నిజమైతే యాఖూబ్ (అలై) స్మరణలో వెనకబడినవారని ఒప్పుకోవలసి వస్తుంది. అల్లాహ్ మనల్ని అలాంటి మాట నుంచి కాపాడుగాక! స్మరణ అంటే నొప్పి తెలియకుండా చేసే మత్తుమందు కాదు. బరువును ఎక్కడ దించుకోవాలో చూపించే చోటు అది. యాఖూబ్ (అలై) దుఃఖం తీరలేదు. కాని ఆ దుఃఖానికి ఒక దిక్కు ఉంది. ఆయన ఏడ్చారు, నిరాశ పడలేదు. అల్లాహ్ కారుణ్యం పట్ల ఆశ వదులుకోవద్దని కొడుకులకు చెప్పి, యూసుఫ్‌ను వెతకమని మళ్లీ పంపించారు. నెమ్మదించిన హృదయం అంటే అలలు లేని చెరువు అనుకుంటాం మనం. లంగరు తెగని పడవ అనుకుంటే సరిగ్గా ఉంటుంది. అలలు వస్తాయి, పడవ ఊగుతుంది, కాని కొట్టుకుపోదు.

పైగా, కష్టంలో ఉన్నవాడికి “దేవుడు నిన్ను శిక్షిస్తున్నాడు” అని చెప్పడం ఎంత ప్రమాదమో లోకానుభవమూ చెబుతోంది. అమెరికాలోని డ్యూక్ విశ్వవిద్యాలయ వైద్యశాలలో, మరో వైద్యశాలలో 55 ఏళ్లు దాటిన సుమారు 600 మంది రోగులను రెండేళ్ల పాటు గమనించి 2001లో ఫలితాలు ప్రకటించారు. వారిలో ఎక్కువమంది క్రైస్తవులు. దేవుడు తమను విడిచిపెట్టేశాడని, శిక్షిస్తున్నాడని కుమిలిన వారిలో మరణాలు ఎక్కువగా కనిపించాయి. భక్తి మనిషికి ఊతం ఇవ్వగలదు. అదే భక్తిని తప్పుగా అందిస్తే మనిషిని ఇంకా కిందికి నెట్టగలదు. భయం, ఆకలి, ధన ప్రాణ నష్టం, పంటల నష్టం, వీటితో తన దాసులను పరీక్షిస్తానని అల్లాహ్ ముందే తెలియజేశాడు. పంట పోవడం ఆ పరీక్షా పత్రంలో ఉన్న ప్రశ్నే. ప్రశ్న కఠినంగా వచ్చిందంటే విద్యార్థి చెడ్డవాడని అర్థం కాదు.

సబ్ర్ అంటే పని

సబ్ర్ అనే అరబీ పదానికి పట్టి నిలపడం, ఆపడం అనే అర్థాలున్నాయి. చేతులు ముడుచుకుని కూర్చోవడం దాని అర్థం కాదు. మూసా (అలై) తల్లి హృదయం శూన్యమైనా, కూతురిని పిలిచి తమ్ముడి వెంట వెళ్లి దూరం నుంచి చూస్తూ ఉండమని పంపించారు. యాఖూబ్ (అలై) కుమారులను ఈజిప్టుకు పంపేటప్పుడు అందరూ ఒకే ద్వారం గుండా వెళ్లవద్దని జాగ్రత్త చెప్పారు. అదే నోటితో, అల్లాహ్ నిర్ణయం ముందు తన జాగ్రత్త ఏమీ చేయలేదని కూడా చెప్పారు. జాగ్రత్తా తవక్కులూ ఒకే వాక్యంలో ఇమిడిపోయాయి. ఒంటెను కట్టివేయాలా, వదిలేసి అల్లాహ్ మీద భారం వేయాలా అని అడిగిన వ్యక్తికి, కట్టివేసి భారం వేయమని ప్రవక్త (స) చెప్పిన సంగతి మనందరికీ తెలుసు. షామ్ ప్రాంతంలో ప్లేగు ప్రబలిందని తెలిసి హజ్రత్ ఉమర్ (రజి) సర్గ్ దగ్గర నుంచి వెనుదిరిగారు. అల్లాహ్ విధి నుంచి పారిపోతారా అని అబూ ఉబైదా (రజి) అడిగితే, అల్లాహ్ విధి నుంచి అల్లాహ్ విధిలోకే వెళుతున్నామని జవాబిచ్చారు.

1984లో లాజరస్, ఫోక్‌మన్ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు ఒత్తిడిని తట్టుకునే తీరును వివరించారు. కష్టం ఎదురైనప్పుడు మనిషి లోలోపల రెండు ప్రశ్నలు వేసుకుంటాడు. ఇది నాకు ఎంత నష్టం? దీనికి నేను ఏం చేయగలను? ఆ తర్వాత అతను చేసే పని రెండు రకాలు. మార్చగలిగిన దాన్ని మార్చే ప్రయత్నం ఒకటి. మార్చలేని దాన్ని భరించడానికి మనసును కుదుటపరచుకునే ప్రయత్నం మరొకటి. ఒంటె తాడు మొదటిది, తవక్కుల్ రెండోది. తాడు కట్టవలసిన చోట దుఆతో సరిపెట్టుకున్నా, దుఆ చేయవలసిన చోట తాడు బిగిస్తూ కూర్చున్నా మనిషి అలసిపోతాడు. కరెంటు పోతుందేమోనన్న దిగులుకు జనరేటర్‌లో డీజిల్ పోసి ఉంచడం మందు. అమెరికా సుంకం ఏమవుతుందోనన్న దిగులుకు డీజిల్ పనిచేయదు. దాన్ని ఇషా నమాజు తర్వాత జానిమాజ్ మీద దించి పడుకోవాలి. వచ్చే పంటకు చెరువుల సంఖ్య తగ్గించుకోవాలా, అప్పు మేతకు దూరంగా ఉండాలా, వడ్డీ ఉచ్చు నుంచి ఎలా బయటపడాలి అన్నవి మాత్రం మళ్లీ తాడు పనులే.

1996 నవంబరు 6న వచ్చిన తుపాను గోదావరి డెల్టాను అతలాకుతలం చేసింది. వెయ్యి మందికి పైగా ప్రాణాలు కోల్పోయారు. గోదావరికి అవతల కోనసీమలో లక్షల కొబ్బరి చెట్లు నేలకూలాయి. కొబ్బరి మొక్క కాపుకు రావడానికి ఐదారేళ్లు పడుతుంది. అయినా రైతులు మళ్లీ నాటారు. ప్రళయం ముంచుకొస్తున్నా చేతిలో మొక్క ఉంటే నాటమన్న ప్రవక్త (స) బోధనను అక్కడ ఎంతమంది విని ఉంటారో గాని, ఆ చేతులు చేసిన పని అదే. అప్పుడు వారు ఏడవలేదని కాదు. ఏడుస్తూనే గొయ్యి తవ్వారు. సబ్ర్ అంటే అది.

మనసు జబ్బుకు మందు

క్రీ.శ. 850 ప్రాంతంలో బల్ఖ్ నేల మీద పుట్టి 934లో కన్నుమూసిన అబూ జైద్ అల్‌బల్ఖీ అనే ముస్లిం పండితుడు శరీర, ఆత్మల ఆరోగ్యం గురించి ఒక గ్రంథం రాశాడు. దేహానికి జబ్బు చేసినట్టే మనసుకూ చేస్తుందని, ఒకటి మరొకదాన్ని బాధిస్తుందని అందులో వివరించాడు. దుఃఖం రెండు రకాలన్నాడు. కారణం తెలిసినది ఒకటి. ఏ కారణమూ లేకుండా శరీరంలోని మార్పు వల్ల వచ్చేది రెండోది. మొదటిదానికి మాటలు, ఆలోచనలు మందు. రెండోదానికి శరీర వైద్యం కూడా కావాలన్నాడు. ఇంట్లో అత్యవసరానికి మందులు దాచుకున్నట్టే, మనసు ప్రశాంతంగా ఉన్న రోజుల్లోనే మంచి ఆలోచనలను కష్టకాలం కోసం కూడబెట్టుకోమని సలహా ఇచ్చాడు. వెయ్యేళ్లు మరుగునపడిన ఆ భాగాన్ని సూడాన్ దేశపు మనస్తత్వవేత్త మాలిక్ బద్రీ ఇంగ్లీషులోకి అనువదించగా 2013లో వెలువడింది. కైరోలో 1284లో సుల్తాన్ ఖలావూన్ నెలకొల్పిన వైద్యశాలలో మనోరోగులకు ప్రత్యేక విభాగం ఉండేది. మనసు జబ్బును జబ్బుగా చూడటం మన సంప్రదాయానికి కొత్త కాదు. దాన్ని దాచిపెట్టి పరువు సమస్యగా చేసుకున్నది మనమే.

అందుచేత వారాల తరబడి నిద్ర లేకపోతే, తిండి సహించకపోతే, ఇష్టమైన పనిలో కూడా ఆసక్తి పోతే, నమాజులో నిలబడినా మనసు మొద్దుబారినట్టు ఉంటే, “గాలి సోకింది” అని తావీజుల కోసం తిరిగి కాలం పోగొట్టుకోకండి. వైద్యుణ్ణి కలవండి. మధుమేహానికి మాత్ర వేసుకున్నప్పుడు లేని సిగ్గు ఇక్కడెందుకు? దుఆ మానమని ఎవరూ అనడం లేదు. ఒంటెను కట్టమంటున్నాం, అంతే. బతుకు మీద విరక్తి మాటలు ఎవరి నోటనైనా వినబడితే తేలిగ్గా తీసుకోకండి. ప్రాణం తీసుకోవడం ఇస్లాంలో నిషిద్ధం. ఆ సంగతి అతనికీ తెలుసు. తెలిసీ ఆ మాట వచ్చిందంటే అతనికి అప్పుడు కావలసింది ఫత్వా కాదు, ఒంటరిగా వదలని మనిషి. 2022 అక్టోబరులో ప్రభుత్వం ప్రారంభించిన టెలిమానస్ సేవకు 14416 నంబరుకు ఏ వేళనైనా ఉచితంగా ఫోన్ చేయవచ్చు. తెలుగులోనూ మాట్లాడతారు.

సబ్ర్ చెప్పేవారి బాధ్యత

ఇప్పుడు అసలు మాటకు వద్దాం. దైవప్రవక్త (స) తరచూ చేసే ఒక దుఆను హజ్రత్ అనస్ (రజి) ఉల్లేఖించారు. అందులో ఆయన అల్లాహ్ శరణు కోరిన విషయాలు ఇవి: ఆందోళన, దుఃఖం, అశక్తత, సోమరితనం, పిసినారితనం, పిరికితనం, అప్పుల భారం, మనుషుల దౌర్జన్యం. ఈ వరుసను ఆలోచించి చూడండి. ఆందోళనతో మొదలై అప్పుతోనూ, ఇతరుల పెత్తనంతోనూ ముగుస్తుంది. మనసులోని దిగులుకూ బయటి అప్పుకూ సంబంధం ఉందని ఆ దుఆయే నేర్పుతోంది. పైగా దిగులు నుంచి శరణు కోరడమంటే దిగులు మనిషికి వస్తుందని ఒప్పుకోవడమే. రాని దాని నుంచి ఎవరు శరణు కోరతారు?

దిగులుకు మూలం అప్పయినప్పుడు దానికి మందు ఉపదేశం ఒక్కటే ఎలా అవుతుంది? ఒకసారి ఒక జనాజా తెచ్చారు. మరణించిన వ్యక్తికి అప్పు ఉందని, తీర్చడానికి ఏమీ మిగల్చలేదని తెలిసి ప్రవక్త (స) తాను నమాజు చేయించకుండా అనుచరులను చేయమన్నారు. అప్పుడు అబూ ఖతాదా (రజి) ముందుకు వచ్చి ఆ అప్పు తన మీద వేసుకున్నారు. ఆ తర్వాతే ప్రవక్త (స) నమాజు చేయించారు. ఈ సంఘటనను మనం అప్పు ఎంత భయంకరమో చెప్పడానికే వాడుతుంటాం. అబూ ఖతాదా (రజి) వేసిన ఆ ఒక్క అడుగును మరచిపోతుంటాం. అక్కడున్న వారిలో ఎవరో ఒకరు ముందుకు రావాలి కదా!

జకాత్ పొందడానికి అర్హులైన ఎనిమిది వర్గాలలో రుణగ్రస్తులు ఒక వర్గం. రమజాన్‌లో చీరలు, చిల్లర పంచే చేతులకు ఈ వర్గం ఎంత గుర్తుంటోంది? బిచ్చమెత్తేవాడు కనబడతాడు. పరువు కోసం తలుపు వేసుకుని లెక్కలు చూసుకునేవాడు కనబడడు. అతను చెరువు ఎండిపోయిన లీజుదారు కావచ్చు, కొట్టు మూసిన చిన్న వ్యాపారి కావచ్చు, గల్ఫ్ ఏజెంటుకు కట్టడానికి అప్పు చేసి మోసపోయిన యువకుడు కావచ్చు. జుమా నాడు పక్కనే నిలబడి భుజానికి భుజం తాకించి నమాజు చేస్తాడు. మసీదు పెద్దలు ఏడాదికి ఒకసారైనా ఇలాంటి ఇళ్లను గుట్టుగా గుర్తించి, జకాత్‌లో కొంత వారి అప్పు కిందికి మళ్లిస్తే ఎన్నో రాత్రులకు నిద్ర దొరుకుతుంది. మనకే బాకీ ఉన్న మనిషి ఇబ్బందిలో ఉంటే, వెసులుబాటు కలిగే వరకు గడువు ఇవ్వమన్నది, మాఫీ చేస్తే ఇంకా మేలన్నది ఖుర్ఆన్ ఆదేశం. గడువు ఇవ్వకుండా సబ్ర్ గురించి చెప్పేవారు తాము పాటించవలసిన ఆయతును ఎదుటివాడి మీదికి తోస్తున్నారు.

డబ్బు లేనివారు ఏం చేయాలి? బంధువుల ఇంట్లో ఎవరైనా చనిపోతే, వచ్చిన ఆడవాళ్లు వెళ్లిపోయి ఇంటివాళ్లు మిగిలాక హజ్రత్ ఆయిషా (రజి) తల్బీనా వండించేవారు. అది యవల పిండితో చేసే జావ. అది రోగి గుండెకు ఉపశమనం ఇస్తుందని, దుఃఖాన్ని కొంత తగ్గిస్తుందని ప్రవక్త (స) చెప్పగా విన్నానని ఆమె తెలిపారు. దుఃఖాన్ని పూర్తిగా పోగొడుతుందని అనలేదు, కొంత అన్నారు. మనిషి మనిషికి చేయగలిగింది ఆ కొంతే. జనం వెళ్లిపోయాక మిగిలేవారు, గిన్నె పట్టుకుని వచ్చేవారు, చెరువు గట్టు మీద ఒక రాత్రి కాపలా పంచుకుని “నువ్వు కాసేపు పడుకో భాయి” అనేవారు, కోడలిని రెండు గంటలు నిద్రపోనిచ్చి మంచం పక్కన తాము కూర్చునేవారు, వీరు చెప్పిన “సబ్ర్ చెయ్యి” అన్న మాట మనసుకు పడుతుంది. ఎందుకంటే ఆ మాటలో సగం భారాన్ని వారు తమ మీద వేసుకున్నారు.

కనుక సోదర సోదరీమణులారా! దిగులు పడుతున్న మనిషిని చూసినప్పుడు అతని ఈమాన్‌ను కొలవకండి. అది కొలిచే హక్కు అల్లాహ్‌ది. అతని అప్పు ఎంతో, నిద్ర ఎన్ని గంటలో, ఇంట్లో వంట అయిందో లేదో అడగండి. అవి కొలవగలిగినవి. ఇక దిగులు పడుతున్నవారు యాఖూబ్ (అలై) కళ్లను గుర్తు చేసుకోండి. మీరు పరాయి దారిలో లేరు. ప్రవక్తలు నడిచిన దారిలోనే ఉన్నారు. చేయగలిగింది చేయండి, చేయలేనిది అప్పగించండి, అలసినప్పుడు సహాయం అడగండి.

ప్రభూ! ఆందోళన నుంచి, దుఃఖం నుంచి, అప్పుల భారం నుంచి మమ్మల్ని కాపాడు. ఇతరుల భారాన్ని పంచుకునే మనసును మాకు ప్రసాదించు. మేము మోయలేని బరువును మా మీద మోపకు. ఆమీన్.